తమ్ముడి ఫోనుకు ఎనిమిది నెలల తాళం

వజీహ్ పోయిన పంతొమ్మిదో రోజు పొద్దున అతని అక్క దౌలత్ ఫోనులో ఒక కబురు మెరిసింది. ఈ రోజు వజీహ్ పుట్టినరోజు, శుభాకాంక్షలు చెప్పండి అని. పక్కన బెలూన్ల బొమ్మ. దౌలత్ కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివింది. అప్పటికే పద్నాలుగు మంది చెప్పేశారు. ఇస్మాయిలియాలో ఉండే పాత పడవ పనివాడొకడైతే, 'నూరేళ్లు చల్లగా ఉండు తమ్ముడూ, మూడు వారాల నుంచి ఫోనెత్తవేం, మా మీద అలిగావా?' అని రాశాడు.

పద్నాలుగు మందికీ ఆమే కూర్చుని జవాబు రాసింది. అతను లేడు, గుండె ఆగి పోయాడు, దేవుడు కరుణించుగాక అని. పదో మనిషికి వచ్చేసరికి వేలు నొప్పి పుట్టింది. పద్నాలుగో మనిషి వెంటనే ఫోను చేసి, ఇంత ఆలస్యంగానా చెప్పడం, మేమేమన్నా పరాయివాళ్లమా అని ఆమెనే కోప్పడ్డాడు. ఫోను పెట్టేసి చూస్తే ఇంకో ముగ్గురు కొత్తగా శుభాకాంక్షలు చెప్పి ఉన్నారు.

దౌలత్ పోర్ట్ సయీద్ ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్లు భూగోళం చెప్పింది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆమె చేత సుద్దముక్క దెబ్బ తిన్నవాళ్లే. ఇప్పుడు వాళ్లకూ మనవలు పుట్టారు. అయినా చేపల బజారులో ఆమె ఎదురైతే నడుం నిటారుగా పెట్టి, బడిలో టీచరమ్మను పిలిచినట్టే 'అబ్లా, బాగున్నారా' అంటారు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు నాదిర్ ఊరి పక్కన సముద్రపు ఓడలు దాటే పెద్ద కాలువలో పూడిక తీసే ఓడల మీద ఇంజినీరు. కూతురు రబాబ్ మందుల షాపు చూసుకుంటుంది. అరవై ఏడేళ్ల ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నా ఎవరి మీదా ఆధారపడిందీ లేదు, ఎవరినీ తోచినట్టు ఉండనిచ్చిందీ లేదు.

వజీహ్ ఆమెకు మూడేళ్లు చిన్న. కాలువ దాటే ఓడలకు తాళ్లు కట్టే పడవల్లో పనిచేశాడు. ఎక్కిన ప్రతి ఓడకూ ఒక ఫొటో తీసేవాడు. అలా నలభై ఏళ్లు. పిల్లల్లేరు, ఓడలే పిల్లలు అనేవారు చుట్టాలు. పని మానేశాక రెండేళ్లు కూర్చుని ఆ ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంటర్నెట్‌లో ఏదో కంపెనీ దగ్గర దాచుకున్నాడు. వాటితోపాటు వాళ్ల అమ్మ ఫొటో కూడా. యుద్ధం రోజుల్లో ఊరు ఖాళీ చేయించినప్పుడు మన్సూరా పక్క పల్లెలో ఒక బడి గదిలో తలదాచుకున్నారు వాళ్లు. ఆ గదిలో నల్లబల్ల ముందు పీట వేసుకుని అమ్మ పిండి పిసుకుతుండగా ఎవరో తీసిన ఫొటో అది. అమ్మకున్నది అదొక్కటే. ఆ కాగితం ఉప్పుగాలికి అద్దానికి అతుక్కుపోయి, తీయబోతే చిరిగింది. 'కంప్యూటర్‌లో భద్రంగా ఉందిలే అక్కా' అన్నాడు వజీహ్ అప్పుడు. ఇప్పుడు నిజంగానే భద్రంగా ఉంది. కన్నకూతురి చేతికి కూడా అందనంత భద్రంగా ఉంది.

అతని ఫోను అతని భార్య షహీరా దగ్గర, కాలువ అవతల పోర్ట్ ఫువాద్‌లో ఉంది. పరామర్శల రోజుల్లోనే నాదిర్‌ను పంపి అడిగించింది దౌలత్. 'అత్తయ్య ఫోను మూసేసి ఉందందమ్మా' అన్నాడు నాదిర్ తిరిగొచ్చి. దాని తాళం అంకెలు ఎవరికీ తెలియవన్నమాట, అంతటితో ఆ దారి మూసుకుపోయిందనుకుంది ఆమె. స్వయంగా వెళ్లి అడిగే మాట లేదు. ఆరేళ్ల కింద రబాబ్ నిశ్చితార్థంలో షహీరా ఎవరితోనో, మా వదిన ఎవరితో మాట్లాడినా వాళ్లు మూడో బెంచీలో కూర్చున్నట్టే మాట్లాడుతుంది అని నవ్విందట. ఆ మాట హాలు దాటకముందే దౌలత్ చెవిన పడింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. వజీహ్ పోయిన రోజు చేతులు పట్టుకుని ఏడ్చారు, అంతే.

కాబట్టి దౌలత్ తన దారిన తను బయల్దేరింది.

మొదట పాస్‌వర్డ్ ఏమై ఉంటుందో ఊహించబోయింది. తమ్ముడి పుట్టిన తేదీ వేసింది, అమ్మ పేరు వేసింది, అతనికి ఇష్టమైన గ్రీకు ఓడ పేరు వేసింది. ఐదోసారికి కంప్యూటర్ ఆమెను దొంగగా జమకట్టి ఒక రోజంతా తలుపు మూసేసింది. ఫోన్లు బాగుచేసేవాడిని అడిగితే, ఫోను తెండి అబ్లా, లోపల ఉన్నదంతా తుడిచి కొత్తదానిలా చేసిస్తాను అన్నాడు. మరి ఫొటోలో అంది. కొత్తదంటే కొత్తదే కదా అబ్లా అన్నాడు వాడు, ఆవిడకే ఏదో అర్థం కానట్టు.

తర్వాత కోర్టు. వారసులెవరో తేల్చే కాగితం ఆమె దగ్గర ఉంది. భార్య, అక్క అని అందులో స్పష్టంగా రాసి ఉంది. దాన్ని చూపించి, ఈ ఖాతా కూడా మాకు చెందుతుందని ఒక్క వాక్యం రాసివ్వమంది. గుమస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"చూడు హాజ్జా, ఇల్లంటే మాకు తెలుసు. బండంటే తెలుసు. పడవ కూడా తెలుసు. ఈ పాస్‌వర్డనేది ఏ ఆఫీసులో రిజిస్టరైంది?"

"ఎక్కడా కాలేదు. అందుకే నీ దగ్గరికి వచ్చాను. నేనింకా హజ్‌కు వెళ్లలేదు, అబ్లా అను."

"రిజిస్టర్ కానిదాన్ని నేనెలా పంచను, అబ్లా?"

నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి అతను టీ తెప్పించి ఇచ్చాడు, కాగితం మాత్రం ఇవ్వలేదు.

ఇక మిగిలింది ఆ కంపెనీ. వాళ్లకొక ఫారం ఉంది. మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం, రెండింటికీ ముద్ర వేయించిన ఇంగ్లీషు అనువాదం, ఆమె గుర్తింపు కార్డు అన్నీ పంపింది. పదకొండు రోజులకు జవాబొచ్చింది. 'ప్రియమైన వజీహ్ గారూ, మీ మృతికి మా ప్రగాఢ సానుభూతి' అని మొదలైంది. దౌలత్ దాన్ని మూడుసార్లు పైకి చదివింది, తన కళ్లలోనే తప్పుందేమోనని. కార్డు ఫొటో మసకగా ఉంది, మళ్లీ పంపండి అన్నారు. పంపింది. అనువాదంలో వజీహ్ పేరుకు ఒక అక్షరం ఎక్కువైంది అన్నారు. దిద్దించి పంపింది. మీ సమస్య తీరినందుకు సంతోషం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అన్నారు. ఆ రోజు ఆమె వండిన చేప మాడిపోయింది.

ఇలా ఉండగానే ఆమెకు ఇంకో ఆలోచన పట్టుకుంది. రేపు తను పోతే? తనకూ ఒక ఈమెయిలుంది, పేజీ ఉంది, ఫొటోలున్నాయి. పాత విద్యార్థినుల గ్రూపులో రెండొందల పన్నెండు మంది ఉన్నారు. దాని తాళం తన ఒక్కదాని చేతిలోనే ఉంది. తను పోయాక పుట్టినరోజున ఆ బెలూన్లే వస్తాయి, ఆ రెండొందల పన్నెండు మందీ నూరేళ్లు ఉండమంటారు. గళ్ల నోటుబుక్కు తెచ్చి, గీతలు కొట్టి, ఒక వరసలో ఖాతా పేరు, ఒక వరసలో రహస్యపదం, ఒక వరసలో తను పోయాక దాన్ని ఏం చేయాలో రాసింది. మూడో వరస రాయడానికే ఎక్కువ రోజులు పట్టింది. పేజీ నలభై రోజులుంచి మూసేయాలి. గ్రూపు రెండో బ్యాచి ఫౌజియాకు అప్పగించాలి, కానీ ఆమె తుమ్మితే కూడా గ్రూపులో పెడుతుంది కాబట్టి ముందే హెచ్చరించాలి. ఫొటోలు పిల్లలిద్దరికీ.

శుక్రవారం నాదిర్ భోజనానికి వచ్చినప్పుడు నోటుబుక్కు తీసి ముందు పెట్టింది. అతను అట్ట కూడా తెరవలేదు.

"చెడు దూరం కావాలమ్మా. ఇప్పుడెందుకు ఆ మాటలు?"

"మరెప్పుడు చెప్పను? పోయాక లేచొచ్చి చెప్పనా?"

"ఈ ముల్లెట్ చేప భలే కుదిరింది," అన్నాడు నాదిర్, కంచంలోకి చూస్తూ.

రబాబ్‌కు చెబితే ఆమె కళ్లు నీళ్లతో నిండిపోయాయి. నోటుబుక్కు తీసుకుని గుండెకు హత్తుకుని, మళ్లీ తల్లికే ఇచ్చేసి, మర్నాడు గుండె డాక్టరు దగ్గర పేరు రాయించింది. తల్లికి ఏదో తెలిసిపోయి దాస్తోందని ఆమె అనుమానం. ఊపిరి పీల్చమన్నారు, వదలమన్నారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. డాక్టరు ఒకప్పుడు దౌలత్ దగ్గర చదివినమ్మాయి కొడుకు. ఏమీ లేదు, మీకన్నా నా గుండే నీరసంగా ఉంది అబ్లా అన్నాడు. పోయాక ఏం చేయాలో చెబుతానంటే పోకుండా చూస్తామంటున్నారే వీళ్లు అని దౌలత్‌కు తల పట్టుకోవాలనిపించింది. వాళ్ల ప్రేమను కాదనలేదు. కానీ ఆ ప్రేమ చేత నోటుబుక్కులో ఒక్క అక్షరం కూడా చదివించలేకపోయింది.

ఎనిమిదో నెలలో కంపెనీ వాళ్ల ఉత్తరం మళ్లీ వచ్చింది. పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయట. ఆఖరి మెట్టుగా, ఖాతాదారు ఫోను నంబరుకు ఆరంకెల సంఖ్య పంపుతారట, అది చెప్పమన్నారు. చనిపోయినవాడి ఫోనుకు. దౌలత్ నోటుబుక్కు మూసి, మంచి నల్లకోటు వేసుకుని, బల్లకట్టు ఎక్కింది. అవతలి ఒడ్డు చేరేదాకా, మాటలు ఎలా మొదలుపెట్టాలో మనసులో కొట్టివేసి రాసుకుంటూనే ఉంది.

షహీరా తలుపు తీసి ఒక్క క్షణం ఆగి, "రండి వదినా" అని పక్కకు జరిగింది. కాఫీ పెట్టింది. చక్కెర ఎంతో అడగకుండానే సరిగ్గా వేసింది. దౌలత్ ఎనిమిది నెలల కథంతా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. కోర్టు, అనువాదం, నక్షత్రాలు, ఆరంకెలు. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. అంతా అయ్యాక షహీరా లేచి, సొరుగులోంచి వజీహ్ ఫోను తీసి, బొటనవేలితో నాలుగంకెలు నొక్కింది. ఫోను తెరుచుకుంది.

దౌలత్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"నీకు తెలుసా అది?"

"నాలుగేళ్ల కింద కంటికి ఆపరేషనైంది కదా ఆయనకు. నెల రోజులు ఏదొచ్చినా నేనే చదివి వినిపించాను. అప్పుడు చెప్పారు."

"మూసేసి ఉందన్నావుటగా!"

"మూసే ఉంది ఆ రోజు. చార్జింగ్ పెట్టడానికి కూడా చేయి రాలేదు నాకు. నాదిర్ అడిగితే అదే చెప్పాను."

"ఎనిమిది నెలలు షహీరా. కోర్టు మెట్లు అరిగేలా తిరిగాను. పోయినవాడికి సానుభూతి చెప్పే కంపెనీతో కుస్తీ పట్టాను. నువ్విక్కడ కూర్చుని..."

"మీరు కోర్టును అడిగారు. ఫోన్ల షాపువాణ్ని అడిగారు. అమెరికా కంపెనీని అడిగారు." షహీరా కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "నన్ను మాత్రం అడగలేదు వదినా. నాకేం తెలుస్తుందిలే అనుకున్నారు."

ఎవరైనా పిల్ల తరగతిలో ఇలా అంటే, లేచి నిలబడు అనేది దౌలత్. ఇక్కడ నిలబడాల్సింది ఎవరో ఆమెకు తెలుస్తూనే ఉంది. కోపం పోలేదు, కానీ పోవాల్సిన చోటు మారింది. నాదిర్ మీదికి పోయింది, తన మీదికి పోయింది, ఒక నిశ్చితార్థం నాటి నవ్వు మీదికి పోయి అక్కడ నిలవలేక తిరిగొచ్చింది.

"అనుకున్నాను," అంది చివరికి. "తప్పే."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ ఫోనులోంచే అతని ఖాతా తెరిచి ఫొటోలు చూశారు. ఓడలు, ఓడలు, ఇంకా ఓడలు. ఒక్కోదాని కింద తేదీ, జెండా, ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా రాసుకున్నాడు. అమ్మ ఫొటో దొరికేసరికి మధ్యాహ్నం ప్రార్థన వేళ దాటింది. మోచేతుల దాకా పిండి, వెనక నల్లబల్ల మీద ఎవరి పాఠమో సగం చెరిపేసి ఉంది. పద్నాలుగేళ్ల దౌలత్ కూడా అంచులో ఉంది, ముఖం చిట్లించుకుని. తను అందులో ఉన్నట్టు ఆమెకు గుర్తే లేదు. షహీరా చేతిరుమాలు అందించింది.

అప్పుడు చెప్పింది షహీరా. చార్జింగ్ పెట్టిన రోజునుంచీ రోజూ సాయంత్రం వజీహ్ గొంతుతో పంపిన పాత సందేశాలు వింటానని. ఉల్లిపాయలు తెస్తున్నాను, ఇంకేమైనా కావాలా అన్నది ఒకటి. బల్లకట్టు ఆలస్యమైంది, నువ్వు తినెయ్ అన్నది ఒకటి. ఫోను ఎవరికైనా ఇస్తే అవి చెరిగిపోతాయేమోనని భయపడిందట. అందుకే ఎవరూ అడక్కపోతే బాగుండు అని కూడా అనుకున్నానంది, తల వంచుకుని. దౌలత్‌కు ఆ మాట మీద కోపం రాలేదు. అవి చెరగకుండా ఇంకోచోట దాచడం ఎలాగో తనకు ఇప్పుడు తెలుసు, ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది అదొక్కటే అంది. దాచి చూపించింది కూడా.

తర్వాతి వారం నోటుబుక్కు పట్టుకుని మళ్లీ వెళ్లింది. తన ఖాతాలన్నిటికీ తన తర్వాత చూసుకునే మనిషిగా షహీరా పేరు పెడతానంది.

"మీకన్నా నాలుగేళ్లే చిన్నదాన్ని వదినా. నేను ముందు పోతే?"

"అయితే రెండో పేరు రబాబ్‌ది పెడతాను. నువ్వు మాత్రం ముందు పోకు. నాకు ఈ ఫారాలు ఇంకోసారి నింపే ఓపిక లేదు."

అంతా సవ్యంగా పూర్తయిందనుకుంది. ఆ ఏర్పాటు పెట్టగానే పేరున్నవాళ్లకు కంపెనీ నుంచి ఒక ఉత్తరం వెళుతుందని ఆమెకు తెలియదు. 'దౌలత్ గారి మరణానంతరం' అనే మాటతో మొదలైన ఉత్తరం మందుల షాపులో ఉన్న రబాబ్ ఫోనుకు చేరింది. ఆ అమ్మాయి నాలుగో మాట చదవలేదు. షాపులో కొనడానికొచ్చినవాళ్లను అలాగే వదిలి, తెల్లకోటుతో వీధిలో పరిగెత్తి, మూడంతస్తులు ఎక్కి, తాళంచెవి రంధ్రంలో పట్టక రెండుసార్లు జారవిడిచి, లోపలికొచ్చింది. వంటింట్లో దౌలత్, చేపల కడుపులోని సిరా అంటి చేతులు నల్లగా ఉండగా, కటిల్‌చేపలు శుభ్రం చేస్తోంది.

రబాబ్ గోడ పట్టుకుని నేల మీద కూర్చుంది. ఊపిరి అందాక తల్లిని నానా మాటలూ అంది. దౌలత్ కొళాయి కట్టి, కూతురు అలసిపోయేదాకా ఆగింది.

"నేను చెబుతానంటే వినలేదు. నోటుబుక్కు గుండెకు హత్తుకుని నాకే ఇచ్చేశావు. ఇంక మిషనే చెప్పింది."

రబాబ్ ఫోను తీసి ఉత్తరం మొదటినుంచీ చదివింది. చదివాక ఆమె ముఖం ఇంకో రకంగా మారింది.

"మొదటి పేరు అత్తయ్యదా? నాది రెండోదా? కడుపున పుట్టినదాన్ని నేనుండగా?"

"ఎనిమిది నెలలు ఒక్క మాట బయటికి పోనివ్వలేదు ఆవిడ. నువ్వు ఉత్తరం సగం చదివి ఊరంతా పరిగెత్తావు."

రబాబ్‌కు నవ్వొచ్చింది, నవ్వకూడదని పెదవి కొరుక్కుంది, నవ్వేసింది. కోటు విప్పి చేతులు కడుక్కుని కటిల్‌చేపల పని అందుకుంది. పని చేస్తూనే మూడో వరసలో ఏముందో ఒక్కొక్కటే అడిగింది. ఏ ఫొటో ఎవరికి, గ్రూపు ఫౌజియాకే ఎందుకు, పేజీ మూసేముందు ఏం రాయాలి అని. ఏం రాయాలో దౌలత్ ఇంకా తేల్చుకోలేదు. 'అబ్లా దౌలత్ వెళ్లిపోయింది, బెలూన్లు పంపకండి' అని రాయమంది ప్రస్తుతానికి. రబాబ్ దాన్ని అలాగే రాసుకుంది.

ఆ శుక్రవారం భోజనానికి షహీరా కూడా వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆమెకు కుర్చీ పడింది. అన్నం తింటూ రబాబ్ ఉత్తరం కథ చెబితే నాదిర్ తప్ప అందరూ నవ్వారు. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, మంచి రోజున మంచి మాటలు మాట్లాడండి అన్నాడు అతను, నిమ్మకాయ పిండుకుంటూ. దౌలత్ కొడుకు వైపు తిరిగింది. అతను నెలలో ఇరవై రోజులు ఓడ మీద ఉంటాడు. పిల్లల బడి కాగితాలు, ఇంటి కాగితాలు, అన్నీ అతని ఫోనులోనే ఉంటాయి.

"సరే, నా సంగతి వదిలెయ్. నీ ఫోను అంకెలు నీ పెళ్లానికి తెలుసా?"

నాదిర్ నమలడం ఆపాడు. పక్కన అతని భార్య గాదా చేతిలోని చెంచా కింద పెట్టింది.

"నేనూ అదే వినాలనుకుంటున్నాను అత్తయ్యా," అంది.